రశీదు తెచ్చే మనిషి కావాలి

(దెందులూరులో లా విద్యార్థి వాలంటీర్లతో మాట్లాడిన ప్రసంగం. మాట్లాడినది చాలావరకు అలాగే ఉంచాం. చదవడానికి వీలుగా అక్కడక్కడ వాక్యాలు సరిచేశాం.)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏలూరు నుంచి హైవే మీద వచ్చారు కదా. ఆ రోడ్డుకి దక్షిణంగా దిగితే కొల్లేరు, దాని చుట్టూ చేపల చెరువులు. ఉత్తరంగా పోతే పెదవేగి మెట్ట, పామాయిల్ తోటలు. ఇంకా పైకి పోతే పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు ఏజెన్సీ. మన దెందులూరు ఈ పల్లానికీ ఆ మెట్టకీ నడుమ కూర్చుంది. ఈ మూడు చోట్లా రెక్కలు ముక్కలు చేసుకునేది ఎవరని అడగండి. "కూలోళ్లు" అంటారు. ఏ ఊరోళ్లు అని అడగండి. "ఎక్కడోళ్లో" అంటారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ "ఎక్కడోళ్లో" అన్న మాట గురించే.

ముందు మనవాళ్ల సంగతి చెప్తాను. ఈ చుట్టుపక్కల అమెరికాలో పిల్లలున్న ఇల్లు లేని వీధి ఉందా? 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒక కేసు బయటపడింది. మిషిగన్‌లో అక్కడి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. వీసా మోసం పట్టుకోవడానికని పెట్టారు. 129 మంది భారతీయ విద్యార్థుల్ని అదుపులోకి తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. ఇక్కడ తల్లిదండ్రులకి నిద్రల్లేవు. అక్కడి తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరిగెత్తాయి. "పరాయి దేశంలో మన పిల్లాడి తరఫున మాట్లాడేవాడు ఒక్కడుంటే చాలు" అని ఆ రోజుల్లో ఎంతమంది అనుకోలేదు? ఆ మాటలో తప్పేమీ లేదు. అదే మాట ఇక్కడి చెరువు గట్టు మీది మనిషికీ వర్తిస్తుందని మాత్రమే నేను అంటున్నాను.

ఆ దేశంలో లా విద్యార్థులు వలసవాళ్ల కోసం పనిచేయడం బాగా అలవాటైన సంగతి. శరణార్థులకి న్యాయ సహాయం చేసే ఐర్యాప్ అనే సంస్థ 2008లో యేల్ లా స్కూల్ విద్యార్థులు మొదలుపెట్టిందే. మన దగ్గరా లేకపోలేదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న ఎన్‌ఆర్‌సీ తుది జాబితా వచ్చినప్పుడు 19 లక్షల మందికి పైగా బయట మిగిలారు. వాళ్ల అప్పీళ్లు తయారుచేయడానికి మన లా యూనివర్సిటీల పిల్లలు కూర్చున్నారు. 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని, ముంబైలో చిక్కుకున్న జార్ఖండ్ కూలీల్ని విమానంలో రాంచీకి పంపారు. మంచి పని, చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అదే లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కి అడవి దారిన నడుస్తూ 12 ఏళ్ల ఆదివాసీ పాప దారిలోనే చనిపోయింది. ఆ పాప కోసం విమానం రాలేదు. ఆ పాప ఇక్కడ పనిచేస్తోందని రాసిన కాగితం ముక్క కూడా ప్రభుత్వం దగ్గర లేదు. మనం బాధపడాల్సిందీ, పనిచేయాల్సిందీ ఈ రెండో సంగతి మీద.

వలస అన్నది ఒకటే మాట. చట్టంలో మాత్రం ఎవరి దారి వాళ్లదే. ఈ ప్రాంతంలో మీకు ముఖ్యంగా మూడు రకాల మనుషులు కనిపిస్తారు.

మొదటివాళ్లు యానాదులు. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. చెరువు కాపలా, మేత వెయ్యడం, పట్టుబడి పని, బాతులు కాయడం. వీళ్లు మన రాష్ట్రంలోనే షెడ్యూల్డ్ తెగ. నెల్లూరులో ఎస్టీ అయితే ఏలూరులోనూ ఎస్టీయే. హక్కు నిండుగా ఉంది, చేతిలో కాగితం లేదు. పుట్టింది ఒక గట్టు మీద, పెరిగింది ఇంకో గట్టు మీద. ఏ సచివాలయానికి వెళ్లినా "మీది మా ఊరు కాదు" అంటారు.

రెండోవాళ్లు గుత్తికోయలు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, ప్రాణాలు అరచేత పట్టుకుని అప్పటి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చినవాళ్లు. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు అప్పుడు ఖమ్మంలో ఉండేవి. పోలవరం ముంపు పేరుతో 2014లో ఇటు కలిశాయి. సల్వాజుడుం నడిపిన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పారిపోయి వచ్చినవాళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు. వీళ్లు అక్కడ ఎస్టీలు, ఇక్కడ కాదు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు వేరే రాష్ట్రానికి వెళ్తే ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అటవీ హక్కుల చట్టం చూద్దామా అంటే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమిలో ఉండాలి. వీళ్లలో చాలామంది ఆ తేదీ దాటాక వచ్చారు. అటు ఊరు లేదు, ఇటు పట్టా లేదు. అయినా ఒక మాట మరిచిపోకండి. వాళ్లు ఈ దేశ పౌరులు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, ఎక్కడైనా ఉండే హక్కు 19వ అధికరణం మీకెంత ఇచ్చిందో వాళ్లకీ అంతే ఇచ్చింది.

మూడోవాళ్లు ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి తెచ్చేవాళ్లు. ఒడిశాలో ఈ పద్ధతిని దాదన్ అంటారు. ఆ దాదన్ కూలీల గోస వల్లే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. 2020లో దాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపారు. చట్టం పేరు మారింది. మేస్త్రీ పుస్తకం మాత్రం అదే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఇవాళ ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా అది చెప్పడానికే.

చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు నాదీ మీ వయసే. కొల్లేరు పక్క ఒక చెరువు గట్టు మీద మకాంలో ఒక యానాది కుటుంబం ఉండేది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆ అక్క నాకు చెప్పింది ఇది: "పెద్దోడికి జబ్బు చేస్తే నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నామయ్యా. జీతం అప్పులో పట్టుకుంటారు, బియ్యానికి మాత్రం ఇస్తారు. ఊరికి పోవాలంటే ఒకరే పోవాలి, రెండోవాళ్లు గట్టు మీద ఉండాలి. మా అమ్మ పోయినప్పుడు నేను పోయినా, ఆయన రాలేదు." అంతే చెప్పింది. గొంతు కూడా పెంచలేదు.

నేను గదికి వచ్చి అర్జీ రాశాను. రక్తం ఉడుకుతోంది కదా. "చిత్రహింసలు పెడుతూ, బంధించి, తిండి పెట్టకుండా" అని రాశాను. ఆ అక్క అన్న మాటల్లో ఒక్కటీ అందులో లేదు. అన్నీ నా మాటలే. తీసుకెళ్లి ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చాను. వారం తర్వాత విచారణకి అధికారి వచ్చాడు. చెరువు ఆసామి పక్కనే నిలబడి ఉన్నాడు.

"నిన్ను కట్టేశారా?" "లేదయ్యా."

"కొట్టారా?" "లేదయ్యా."

"తిండి పెడుతున్నారా?" "బియ్యానికి ఇస్తారయ్యా."

"మరి ఇందులో రాసిందేంటి?" ఆ అక్క నా వైపు చూసింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అబద్ధం రాసింది నేను.

ఆరోపణలు రుజువు కాలేదని రిపోర్టు రాసుకుని వెళ్లిపోయారు. మూడు నాలుగు రోజులకి నేను మళ్లీ వెళ్తే మకాం ఖాళీ. రాత్రికి రాత్రి ఇంకో చెరువుకి మార్చేశారన్నారు. ఏ చెరువో ఎవరూ చెప్పలేదు. ఆ రిపోర్టు కాపీ ఇవ్వమని ఆఫీసుకి వెళ్తే, అర్జీ నంబరు ఎంత అన్నారు. నా దగ్గర నంబరు లేదు, రశీదు లేదు. అర్జీ ఇచ్చినట్టే రుజువు లేదు. ఆ కుటుంబాన్ని మళ్లీ నేను చూడలేదు.

తర్వాత చట్టం తెరిచి చదివాను. ముందే చదవాల్సింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976. అందులో సంకెళ్లు ఉండాలని ఎక్కడా లేదు. కొట్టాలని లేదు. అడ్వాన్సు తీసుకున్నందుకు బదులుగా మనిషి వేరే చోట పని చేసుకునే స్వేచ్ఛ పోగొట్టుకున్నా, తిరిగే స్వేచ్ఛ పోగొట్టుకున్నా, కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయాల్సి వచ్చినా వెట్టే. ఆ అక్క చెప్పిన నాలుగు ముక్కల్లో ఇవన్నీ ఉన్నాయి. నలభై వేల అడ్వాన్సు ఉంది. బియ్యం ఖర్చుతో సరిపెట్టిన జీతం ఉంది. ఒకరు వెళ్తే ఒకరు ఉండాలన్న షరతు ఉంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి ఉంటే కేసు నిలబడేది. ఆవిడకి చట్టం తెలీదు, కానీ ఆవిడ చెప్పింది చట్టంలో ఉన్నదే. నాకు చట్టం తెలుసనుకున్నాను, నేను రాసింది సినిమా.

ఇంకో మాట. అది వెట్టి అప్పు అని కూలీ అన్నాక, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడు. 15వ సెక్షన్ అదే చెప్తుంది. 6వ సెక్షన్ ప్రకారం ఆ అప్పు రద్దు, తీర్చక్కర్లేదు. కనీస వేతనం కంటే తక్కువకి చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే, 23వ అధికరణానికి విరుద్ధమని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలి కూడా ఒక బలవంతమే అన్నారు ఆ తీర్పులో. ఇవన్నీ మీకు పరీక్షలో పది మార్కుల ప్రశ్నలు. గట్టు మీద ఒక కుటుంబం బతుకు.

సరే, మీరేం చేయగలరు? మీరింకా అడ్వకేట్లు కాదు, కోర్టులో వాదించలేరు. మంచిదే. గట్టు మీది మనిషికి మొదట కావాల్సింది వాదించేవాడు కాదు. తన మాట తను చెప్పినట్టు రాసి, దాన్ని సరైన చోట ఇచ్చి, రశీదు తెచ్చి చేతిలో పెట్టే మనిషి. వకీలు అవసరం ఆ తర్వాత వస్తుంది.

దీనికి మీకు చట్టబద్ధమైన స్థానం కూడా ఉంది. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ క్లినిక్ ఉండాలని బార్ కౌన్సిల్ నియమం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర పారా లీగల్ వాలంటీర్లుగా లా విద్యార్థులు చేరవచ్చు. ఆ గుర్తింపు కార్డు తెచ్చుకోండి. కార్డు ఉన్నవాణ్ణి ఆసామి "నువ్వెవడివి" అని అడిగే తీరు వేరుగా ఉంటుంది.

ఇక పనుల సంగతి. ఒక్కొక్కటే చెప్తాను, రాసుకోండి.

న్యాయ సేవల చట్టం 1987, 12వ సెక్షన్. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం. గుత్తికోయకి ఇక్కడ కుల పత్రం లేదు కదా అంటారు. అదే సెక్షన్‌లో స్త్రీలూ పిల్లలూ ఉన్నారు, వెట్టికీ మనుషుల అక్రమ రవాణాకీ బలైనవాళ్లూ ఉన్నారు. దరఖాస్తు ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద పెట్టండి. కులం కాగితం అడిగే అవసరమే రాదు. ఫోన్ నంబరు 15100. గట్టు మీద ప్రతి మకాంలో గోడ మీద బొగ్గుతో రాసి రండి.

పిల్లల పుట్టుక పత్రం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేరడం దగ్గర్నుంచి ఓటు దాకా పుట్టిన తేదీకి పుట్టుక పత్రమే ఆధారం. గట్టు మీద పుట్టిన బిడ్డకి అది ఎవరు తెస్తారు? ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. అంటే మళ్లీ అర్జీ, మళ్లీ రశీదు. ఇవాళ తేకపోతే పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పిల్లని కూడా "ఎక్కడోళ్లో" అంటారు.

బడి. పుట్టిన తేదీ రుజువు లేదని, టీసీ రాలేదని ఏ బడీ పిల్లల్ని తిప్పి పంపకూడదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. హెడ్మాస్టర్ గారితో పోట్లాడకండి. చాలామందికి తెలీక చేస్తారు. ఆ సెక్షన్లు, 5, 14, ప్రింటు తీసి చేతికివ్వండి.

రేషన్. ఒకే దేశం ఒకే కార్డు కింద ఒడిశా కార్డుతో ఇక్కడా బియ్యం తీసుకోవచ్చు. చాలామంది కార్డు ఇంట్లో ముసలాళ్ల దగ్గర వదిలేసి వస్తారు, ఇక్కడ కొనుక్కు తింటారు. ఆ కొనుక్కునే బియ్యమే అడ్వాన్సు పెరగడానికి మొదటి మెట్టు.

ఆఖరిది, గట్టిది. వెట్టి చట్టం 13వ సెక్షన్ కింద ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో ముగ్గురు ఎస్సీ, ఎస్టీలు ఉండాలి. మన జిల్లా కమిటీలో ఆ ముగ్గురూ ఎవరు? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఖర్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఈ ఒక్క ప్రశ్న కదిలించినంత మన ధర్నాలు కూడా ఒక్కోసారి కదిలించవు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి కొంచెం కటువుగా ఉంటాయి, ఏమీ అనుకోవద్దు.

ఫొటోలు తీయకండి. మీరు పోస్టు పెట్టిన సాయంత్రం ఆసామి ఫోనులో అది ఉంటుంది. మీరు హాస్టల్లో ఉంటారు, వాళ్లు గట్టు మీద ఉంటారు.

విచారణ అంటే ఆసామి పక్కన నిలబడి ఉండగా కాదు. విడిగా మాట్లాడించాలని అర్జీలోనే అడగండి. నా తప్పుల్లో అదొకటి.

విడిపించడం ఒక్కటే పని అనుకోకండి. విముక్తి పత్రం చేతికి రాకపోతే వాళ్లు విడుదలైనట్టు కాదు, పని పోయినట్టు. 2016 పునరావాస పథకంలో మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు అని ఉంది. కానీ కేసు తేలేదాకా పూర్తి మొత్తం రాదు. ఆ మధ్యకాలంలో ఎక్కడ ఉంటారు, ఏం తింటారు? ఇది తేల్చుకున్నాకే అర్జీ పెట్టాలి. పెట్టాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. వాళ్లు వద్దంటే ఆగండి. ఆగడం కూడా పనే.

గుత్తికోయల దగ్గరికి వెళ్తే భాష తెలిసిన కోయ మనిషిని తోడు తీసుకెళ్లండి. తెలుగులో అడిగితే భయంతో అన్నిటికీ "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" రాసుకుని వచ్చి అదే వాంగ్మూలం అనుకోకండి. రాశాక వాళ్ల భాషలో చదివి వినిపించాలి. "ఇది నేనన్న మాటే" అని వాళ్లు అన్నాకే వేలిముద్ర.

చివరగా, మీకు సెమిస్టర్ పరీక్షలు వస్తాయి. వెళ్లిపోతారు. వెళ్లాలి కూడా, చదువు మానుకోమని ఎవరూ అనరు. కానీ వెళ్లేముందు ఒక రిజిస్టరు పెట్టండి. ఏ అర్జీ, ఏ తేదీ, ఏ ఆఫీసు, రశీదు నంబరు ఎంత, తర్వాతి వాయిదా ఎప్పుడు. మీ జూనియర్‌కి అప్పగించి వెళ్లండి. మీరు లేకపోయినా ఆ పని ఆగకుండా నడిస్తే, మీరు సరిగ్గా చేసినట్టు.

బాలగోపాల్ గారు లెక్కల అధ్యాపకుడు. తర్వాత లా చదివి, నల్లకోటు వేసుకుని పేదల కేసులు వాదించారు. ఆయన ఏ ఊరికెళ్లినా ముందు కూర్చుని వినేవారని, తర్వాతే రాసేవారని ఆయనతో తిరిగినవాళ్లు చెప్తారు. మీలో అందరూ బాలగోపాల్‌లు కానక్కర్లేదు. విని, విన్నది విన్నట్టు రాయగలిగితే చాలు.

ఆ అక్క ఇప్పుడు ఏ గట్టు మీద ఉందో నాకు తెలీదు. ఆ రోజు నేను రాసిన అర్జీ నకలు ఇప్పటికీ నా దగ్గరుంది, తీసి చూస్తే సిగ్గేస్తుంది. మీరు ఈ ఆదివారం గట్ల మీదికి వెళ్తున్నారని చెప్పారు. వెళ్లండి. నోటుబుక్కు పట్టుకెళ్లండి. తొందరపడకుండా వినండి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. రశీదు తీసుకోండి. ఆ రశీదు మీ ఫైల్లో పెట్టుకోకండి, జిరాక్సు ఉంచుకుని అసలు కాగితం వాళ్ల చేతికే ఇవ్వండి. తమ పేరుతో ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చిన మొదటి కాగితం చాలామందికి అదే అవుతుంది.